నాకు మాత్రం దేవుని స్వరం ఎందుకు వినబడదు? జడ్చర్ల చెల్లెమ్మ ప్రశ్నకు జవాబు

వందనాలు చెల్లెమ్మా. మీరు రాసింది మూడుసార్లు చదివాను. మీరు జడ్చర్లలో నర్సు. హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి ఉద్యోగానికి రమ్మంటోంది. ఇంట్లో అమ్మకు మోకాళ్ల నొప్పులు, తమ్ముడేమో పుణెలో పనిమీద ఉన్నాడు. పోవాలా, ఉండాలా అని రెండు నెలలుగా రోజూ తెల్లవారుజామున నలభై నిమిషాలు ప్రార్థన చేసి, మూడు అధ్యాయాలు చదువుతున్నారు. ఏమీ వినబడలేదు. కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెడితే ఒకరోజు అబ్రాముతో చెప్పిన "నేను నీకు చూపించు దేశమునకు వెళ్లుము" అన్న మాట వచ్చింది. మర్నాడు 37వ కీర్తన, "దేశమందు నివసించి సత్యము ననుసరించుము." మహిళల కూడికలో ఒక పెద్దావిడ "దేవుడు నాకు చూపించాడు, నువ్వు పోవద్దు" అన్నారు. అందరితో మాట్లాడే దేవుడు నాతో ఎందుకు మాట్లాడడు, నాలో ఏదో పాపం అడ్డం ఉందా అని అడిగారు.

నేను దేవరకొండ వైపు పుట్టాను. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరై ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. ఇరవై ఏళ్లకు పైగా మా ఇంట్లో శనివారం సాయంత్రం ఆడవాళ్లం చాప వేసుకుని వాక్యం చదువుకుంటున్నాం. మీ ప్రశ్న ఆ చాప మీద చాలామంది అడిగారు. అందరికంటే ముందు నేనే అడిగాను.

పాపం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మిమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వనిది అదేనని మీ రాతలో తెలుస్తోంది. ఎరిగి ఎరిగి దాచుకున్నది ఏదైనా ఉంటే ఒప్పుకోండి, వదిలేయండి. అలాంటిదేమీ గుర్తుకు రాకపోతే, నిశ్శబ్దాన్ని చూసి లేని పాపాన్ని వెతుక్కోవద్దు. ఏలీ అనే యాజకుడి దగ్గర పెరుగుతున్న పిల్లవాడు సమూయేలు, దేవుని మందసం అనే పవిత్రమైన పెట్టె ఉన్న చోటే పడుకునేవాడు. మూడుసార్లు పిలుపు వస్తే మూడుసార్లూ లేచి ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. పిలుపు చెవిన పడింది, అది ఎవరి గొంతో తెలియలేదు. ఎందుకో బైబిలే చెబుతుంది: "సమూయేలు అప్పటికి యెహోవాను ఎరుగకుండెను." అక్కడ పిల్లవాడి తప్పు ఒక్కటీ రాసి లేదు, ఇంకా పరిచయం కాలేదని మాత్రమే ఉంది. ఆ గొంతు ఎవరిదో గ్రహించి చెప్పినవాడు చూపు మందగించిన ముసలి ఏలీ. కొడుకులను అదుపులో పెట్టలేదని అప్పటికే దేవుని చేత చీవాట్లు తిన్న మనిషి. మందిరంలో పుట్టి పెరిగినంత పని చేసిన పిల్లవాడికే ఆ గొంతు గుర్తుపట్టడానికి ఇంకొకరి సాయం కావలసి వచ్చింది. మీకు రెండు నెలలు చాలలేదంటే అందులో సిగ్గుపడవలసింది లేదు.

ఇక వేలు పెట్టడం. దీని గురించి నేను కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

2003 ఎండాకాలం. మాకు మూడెకరాల బత్తాయి తోట ఉండేది. పాత బోరు గంట పోసి ఆగిపోయేది. ఆకులు ముడుచుకుపోతున్నాయి, పిందె రాలిపోతోంది. ఊళ్లో అందరూ చేసినట్టే మా మరిది నీళ్ల జాడ చూసే ఒకాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగాడు, కాయ నిలబడిన చోట సున్నంతో గుర్తు వేశాడు. నేనూ మా ఆయనా దానికి ఒప్పుకోలేదు. మేం విశ్వాసులం, దేవుణ్ణే అడుగుదాం అనుకున్నాం. ఉపవాసం ఉండి, మోకాళ్ల మీద ఉండి, బైబిల్ తెరిచి వేలు పెట్టాం. యెషయా 43:19 వచ్చింది. "ఎడారిలో నదులు పారజేయుచున్నాను." ఇద్దరం ఏడ్చాం. ఇంతకంటే స్పష్టంగా ఇంకేం చెప్తాడు దేవుడు?

బోరు బండి రాత్రి పదకొండింటికి వచ్చింది. రాడ్డు వెనక రాడ్డు దిగుతుంటే తెల్లటి రాతి దుమ్ము లేచి, లైటు వెలుగులో బత్తాయి ఆకుల మీద పిండి చల్లినట్టు పడింది. నూట ఎనభై అడుగుల దగ్గర తడి మట్టి వచ్చింది. మా ఆయన ఆ మట్టిని చేతిలోకి తీసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి చూపించాడు. ఆ తర్వాత మూడు వందల అడుగుల దాకా మళ్లీ దుమ్మే. విశ్వాసం తక్కువై ఉంటుందని ఇంకో చోట వేయించాం. అదీ దుమ్మే. మూడోదీ అంతే. నా చేతి గాజులు పోయాయి, లక్షకు పైన అప్పు మిగిలింది. ఆ ఏడు తోట కొట్టించి కట్టెలకు అమ్మాం.

ఆరు నెలలు నేను బైబిల్ ముట్టలేదు. తర్వాత ఒకరోజు దేవుడితో తగువు పెట్టుకోవడానికే యెషయా 43 తీశాను. ఈసారి మొదటి వచనం నుంచి చివరిదాకా చదివాను. మేం పట్టుకున్న మాటకు అయిదు వచనాల పైన బబులోను పేరుంది. అంటే అది చెరలో మగ్గుతున్న జనానికి, మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్తాను అని చెప్పిన మాట. మా బత్తాయి తోటకు పంపిన చీటీ కాదది. మూడు వచనాల కిందికి పోతే ఇలా ఉంది: "యాకోబూ, నీవు నాకు మొఱ్ఱపెట్టుటలేదు." అక్కడ నా కన్ను ఆగిపోయింది. నేను ఉపవాసం ఉన్నాను, ఏడ్చాను, రాత్రంతా మేల్కొన్నాను. అడిగిందంతా నీళ్లు. ఆయన్ని అడగలేదు. ఆయన ఎలా ఉన్నాడో, నా గురించి ఏమనుకుంటున్నాడో, అప్పటికి నాతో మాట మానేసిన మా అత్తమ్మ విషయంలో నేనేం చేయాలని కోరుతున్నాడో ఒక్కసారీ అడగలేదు. కొబ్బరికాయ వద్దని పంపించేసి, బైబిల్‌ను ఆ కొబ్బరికాయలాగే పట్టుకున్నాం.

దేవుడు నాతో మాట్లాడాడు అని గట్టిగా చెప్పగల రోజుల్లో నాకు అది మొదటిది. గదిలో ఏ చప్పుడూ లేదు. అందరికీ చెప్పిన మాటే ఆ రోజు నన్ను పేరు పెట్టి పిలిచినట్టు తగిలింది.

అగస్టీను అనే పాతకాలపు క్రైస్తవ గురువు సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ అడ్డు చెప్తారు. 386లో మిలాను నగరంలో ఒక తోటలో కూర్చుని ఏడుస్తుంటే, తీసి చదువు అనే పిల్లల గొంతు వినబడి, పౌలు పత్రికలు తెరిచి, కంటపడిన మొదటి వాక్యం చదివి మారిపోయాడు కదా అని. నిజమే. ఆయన కంటపడింది రోమా 13వ అధ్యాయం చివరి మాటలు: అల్లరితో కూడిన ఆటపాటలు, కామవిలాసాలు వదిలి ప్రభువైన యేసుక్రీస్తును ధరించుకోమనేవి. ఎన్నో ఏళ్లుగా వదలాలని తెలిసీ వదల్లేకపోతున్న దాన్నే వదలమని ఆ వాక్యం చెప్పింది. ఏ ఊళ్లో ఉద్యోగం చేయాలో చెప్పలేదు. దేవుడు దయతో అలా కూడా చేయగలడు. దాన్ని మనం రోజూ వాడే పద్ధతిగా చేసుకుంటే మీకు జరిగిందే జరుగుతుంది, ఒకరోజు వెళ్లు, ఒకరోజు ఉండు.

డిసెంబరు 31 రాత్రి మన చర్చిల్లో కొత్త ఏడాదికి ఒక వచనమని తీసే వాగ్దాన కార్డులకు నేను వ్యతిరేకిని కాను. మా ఫ్రిజ్ మీద ఈ ఏటిది అంటించే ఉంది. మా కూడికలో ఒకే ఒక్క నియమం ఉంది. ఏ కార్డు వచ్చినా జనవరి మొదటి వారంలో ఆ అధ్యాయమంతా చదవాలి. యిర్మీయా 29:11, అంటే మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే మాట, వచ్చినవాళ్లు 5వ వచనం కూడా చదవాలి, అక్కడ దేవుడు చెరపట్టిన ఆ పరాయి ఊళ్లోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటాడు. 10వ వచనం కూడా చదవాలి, అక్కడ ఇంటికి తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లని ఉంది.

మరి వినడం ఎలా నేర్చుకోవాలి? డిండి దగ్గర మా చుట్టాల ఊళ్లో ఒక సాయంత్రం చూసింది చెప్తాను. చెరువు కట్ట కింద రెండు మందలు నీళ్లకు దిగాయి. గొర్రెలన్నీ కలిసిపోయాయి, ఏది ఎవరిదో నాకైతే తెలియలేదు. ఇద్దరు కురుమ పెద్దమనుషులు గట్టు మీద బీడీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు, వాళ్లకే తొందరా లేదు. పొద్దు వాలాక ఒకాయన లేచి నాలుక అంగిలికి కొట్టి ఒక కూత వేసి నడక మొదలుపెట్టాడు. సగం తలలు లేచాయి, సగం నీళ్లలోనే ఉన్నాయి. లేచినవి ఆయన వెంట పోయాయి. యోహాను 10:27 నాకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు, "నా గొఱ్ఱెలు నా స్వరము వినును." కళ్లారా చూసింది ఆ రోజే. రెండో ఆయన్ని అడిగాను, కొత్తగా కొన్న గొర్రె మీ కూత ఎన్నాళ్లకు పడుతుంది పెద్దయ్యా అని. "మొదలు దానికేం తెల్వదమ్మా. మంద ఎటు పోతే అటు పోతది. పోంగ పోంగ దానికే ఎరుకైతది" అన్నాడు.

ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు ఇంత సూటిగా అర్థం కాలేదు. మొదట మందతో నడవాలి. రోజూ ఆ గొంతు వెనక నడవగా నడవగా చెవికి అలవాటవుతుంది. దేవుని గొంతు ఎలా ఉంటుందో మనకు దొరికే చోటు వాక్యం, అందులోనూ సువార్తల్లో యేసు మాట్లాడే తీరు. ఎవరిని గద్దించాడు, ఎవరి దగ్గర ఆగాడు, ఏ ప్రశ్నకు జవాబివ్వకుండా తిరిగి ప్రశ్న వేశాడు. ఇవి లోపలికి ఇంకాక, మీ మనసులో ఒక ఆలోచన పుట్టినప్పుడు ఇది ఆయన మాట్లాడే తీరులాగే ఉందా, లేదా అని పోల్చుకోవడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

అందుకే రోజుకు మూడు అధ్యాయాలు ఆపేయండి. ఒక సువార్త, మార్కు అనుకోండి, మొదటి నుంచి రోజుకు పది పన్నెండు వచనాలు. పైకి చదవండి, మెల్లగా, మూడుసార్లు. గ్రాంథికం బరువుగా ఉంటే రెండోసారి వాడుక తెలుగు అనువాదంలో చదవండి, తప్పేం లేదు. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగి ఆ మాటనే నోట్లో తిప్పుకోండి.

ఇది నాకు మా నాయనమ్మ నేర్పింది. ఆమెకు అక్షరం రాదు. మన జిల్లాల్లో సువార్త చాలామందికి పుస్తకంగా రాలేదు, చెవి ద్వారా వచ్చింది. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజన్ దంపతులు నల్లగొండలో సువార్త పని మొదలుపెట్టారు. తర్వాత మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, మీ జడ్చర్ల దాకా వ్యాపించింది. ఊరూరా నడిచి చదువురాని ఆడవాళ్లకు ఒక్కో వచనం నోటికి నేర్పింది బైబిల్ స్త్రీలు. నాయనమ్మ అలా నేర్చుకున్నదే. ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు పోస్తూ ఒకే ఒక్క వాక్యం, "యెహోవా నా కాపరి" అనుకోండి, గంప ఖాళీ అయ్యేదాకా గొణుగుతూనే ఉండేది. ఒక్కోసారి చెయ్యి ఆగిపోయేది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ తిప్పేది. ఏమైంది నాయనమ్మా అంటే "గా మాట ఇయ్యాల నాకు దొరికింది బిడ్డా" అనేది. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, మొదటి కీర్తనలో దివారాత్రం ధ్యానించడం అన్నచోట హెబ్రీలో ఉన్న "హగా" అనే మాటకు గొణగడం అనే అర్థం కూడా ఉందని. యెషయా గ్రంథంలో సింహం తన వేట మీద గుర్రుమనడానికీ, గువ్వ మూలగడానికీ ఇదే మాట వాడారు. 12వ శతాబ్దంలో గీగో అనే కార్తూసియన్ సన్యాసి చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని ఎదుట ఊరకే నిలవడం అని ఈ దారినే నాలుగు మెట్లుగా రాశాడు. మా నాయనమ్మ ఆ నాలుగు మెట్లూ ఇసుర్రాయి దగ్గరే ఎక్కింది.

చదివాక అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. మీరు నలభై నిమిషాలు ప్రార్థన అన్నారు, అందులో ఎంతసేపు మీరే మాట్లాడారో చూసుకోండి. ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. మొదట్లో మనసు పాల ప్యాకెట్ మీదికి, డ్యూటీ చార్ట్ మీదికి పోతుంది. దాన్ని తరిమేయడానికి కష్టపడకండి. "ప్రభువా, అమ్మ మాత్రలు అయిపోయాయి" అని అదే ఆయనకు చెప్పి మళ్లీ ఆ వాక్యం దగ్గరికి రండి. చివర్లో ఒక నోటుబుక్కులో తేదీ, వచనం, ఈ రోజు చేయాల్సిన ఒక్క పని రాయండి. రాత్రికి అది చేశారా లేదా చూసుకోండి. పాత నిబంధనలో వినడం అంటే లోబడడం కూడా, రెంటికీ అక్కడ ఒకటే మాట. నిన్న విన్నది చేయకుండా ఇవాళ కొత్తది చెప్పమంటే ఎలా?

నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు తెల్లవారుజాము ప్రార్థన కోసం నిద్ర చంపుకోకండి. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చచ్చిపోతానని పడుకుంటే దేవుడు మొదట రొట్టె, నీళ్లు పంపాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ మీద దేవుని మెల్లని స్వరం వినబడింది ఆ తర్వాతనే.

మనసులో వచ్చే ఆలోచనల్లో ఏది దేవునిది, ఏది నా భయం అని కూడా అడిగారు. నా అనుభవంలో ఆయన గద్దింపు సూటిగా ఉంటుంది: నిన్న ఆ ముసలి పేషెంట్ మీద విసుక్కున్నావు, ఇవాళ వెళ్లి పలకరించు. చేసేదేదో అందులోనే ఉంటుంది. "నువ్వు పనికిరావు, దేవుడు నిన్ను వదిలేశాడు" అనేది పొగలాంటిది, దానిలో చేయడానికి ఏమీ ఉండదు, అది ఆయన గొంతు కాదు. ఇంకోటి, ఇప్పుడే, ఈ క్షణమే, ఎవరినీ అడగకుండా అని తరిమే ఆలోచనను ఒక రాత్రి ఆపి చూడండి. వచ్చే ప్రతి మాటా మనకు అనుకూలంగానే ఉన్నా అనుమానించాలి. సమూయేలు విన్న మొదటి మాట తనను పెంచిన ఏలీ ఇంటి మీద తీర్పు. చెప్పడానికి భయపడ్డాడు పిల్లవాడు.

ఒకటి మాత్రం వేరుగా చెప్పాలి. నర్సు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది, చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. ఎవరికైనా చెవుల్లో నిజంగా గొంతులు వినబడుతూ, నిద్ర పట్టక, తమకో ఇతరులకో హాని చేసుకోమని ఆ గొంతులు చెబుతుంటే వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన చేస్తూనే తీసుకెళ్లండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

పెద్దావిడ మాట. ఆమెను తీసిపారేయకండి, అలాగని ఆమె మాటకు కట్టుబడి కూర్చోకండి. ప్రవచించుటను నిర్లక్ష్యం చేయకుడి అన్న పౌలే వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. అపొస్తలుల కార్యములు 21 చదవండి. అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన చేతులు, కాళ్లు కట్టుకుని, యెరూషలేములో దీని సొంతదారుణ్ణి ఇలా బంధిస్తారని ఆత్మ చెబుతున్నాడన్నాడు. అది నిజమే అయింది. అది విని అక్కడున్నవాళ్లు "అయితే పోవద్దు" అని ఏడ్చారు. పోవద్దన్నది వాళ్ల ప్రేమ తీసిన అర్థం. పౌలు పోయాడు. మీ పెద్దావిడకు మీ మీద ప్రేమ ఉండవచ్చు. మీకు కష్టం వస్తుందని ఆమె మనసులో నిజంగానే పడి ఉండవచ్చు. పోవాలా వద్దా అనేది మాత్రం మీరు దేవుని ఎదుట తేల్చుకోవలసిందే. పెళ్లి, డబ్బు, ఉద్యోగం విషయాల్లో "దేవుడు చెప్పాడు" అని ఇంకొకరి నోటి నుంచి వస్తే మా కూడికలో మేం అడిగే ప్రశ్న ఒకటే: ఆ మనిషికి స్వయంగా చెప్పకుండా నీకు ఎందుకు చెప్పాడు?

మీ నిర్ణయానికి నెహెమ్యా గ్రంథం తోడుగా పెట్టుకోండి. పరాయి రాజు దగ్గర గిన్నె అందించే కొలువులో ఉంటూ, యెరూషలేము గోడలు కట్టించడానికి పూనుకున్న మనిషి ఆయన. ఆ పుస్తకమంతా వెతికినా ఆయనకు ఆకాశం నుంచి స్వరం వినబడినట్టు ఎక్కడా లేదు. కిస్లేవు నెలలో యెరూషలేము గురించి విని ఏడ్చాడు, నీసాను నెల దాకా, అంటే దాదాపు నాలుగు నెలలు ప్రార్థించాడు. రాజు ఏం కావాలని అడిగితే ఎన్నాళ్లు పడుతుందో, ఏ ఉత్తరాలు కావాలో, కలప దేనికి కావాలో అన్నీ చెప్పాడు. అంటే ప్రార్థన చేస్తూనే లెక్కలు వేసుకున్నాడు. యెరూషలేము చేరాక రాత్రిపూట గోడల చుట్టూ తిరిగి ఎక్కడెక్కడ పడిపోయిందో తన కళ్లతో చూశాడు. ఆ పనినే ఆయన దేవుడు నా హృదయంలో పుట్టించిన ఆలోచన అంటాడు. మీరూ అంతే చేయండి. జీతంలో గది అద్దె పోగా ఎంత మిగులుతుంది, షిఫ్టులు ఎలా ఉంటాయి, వారానికి ఒకసారైనా ఎనభై కిలోమీటర్ల పైన బస్సులో రాగలరా, అమ్మ రాత్రి లేవాల్సి వస్తే పక్కింట్లో ఎవరున్నారు, తమ్ముడు ఎంత పంపగలడు, అమ్మను తీసుకెళ్లడం కుదురుతుందా. ఇవన్నీ కాగితం మీద రాసి ఆ కాగితం ముందు పెట్టుకుని ప్రార్థించండి. కొదువగా ఉంటే జ్ఞానం అడగమని, గద్దింపక ధారాళంగా ఇస్తాడని యాకోబు రాశాడు. జ్ఞానం ఇస్తానన్న దేవుడు ప్రతిసారీ తీర్పు చెప్పేస్తానని అనలేదు. రెండు దారుల్లోనూ పాపం లేనప్పుడు, ఎటు పోయినా ఆయన మీతోనే ఉంటాడు. మీరు పొరపాటున తప్పు బస్సు ఎక్కితే దిగిపోయే దేవుడు కాడు ఆయన.

నేను వెళ్లమనీ చెప్పను, ఉండమనీ చెప్పను. మీ ప్రశ్నలో పెద్దావిడ ఏమన్నారో ఉంది, తమ్ముడు ఎక్కడున్నాడో ఉంది, వేలు ఎక్కడ పడిందో ఉంది. అమ్మ ఏమన్నదో లేదు. అడిగారా? ఈ రాత్రి డ్యూటీ లేకపోతే ఆమె మోకాళ్లకు నూనె రాస్తూ అడగండి. మీరు ముందే సర్దిచెప్పకుండా, ఆమె చెప్పేది చివరిదాకా వినండి. ఏమన్నదో అదే నోటుబుక్కులో రాసి, పొద్దున మార్కు మొదటి అధ్యాయం తీయండి.